డాలు గుర్తున్న ఇల్లు

బ్లాక్ హోల్ గురించి కాస్త చదివినవాళ్లకు ష్వార్జ్‌షిల్డ్ వ్యాసార్థం తెలిసే ఉంటుంది. ఆ హద్దు దాటి లోపలికి పోయిన వెలుతురు మళ్లీ బయటకు రాదు. ఆ లెక్క తేల్చిన కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ 1873లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. ఆయన పేరుకు జర్మన్‌లో ‘నల్ల డాలు’ అని అర్థం. ఖగోళంతో దానికి సంబంధం లేదు. అది ఒక ఇంటి గుర్తు.

1462 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ యూదులందరినీ ఒకే ఇరుకు వీధిలో ఉంచారు. ఇళ్లకు నంబర్లు లేని కాలం. ఏ ఇల్లు ఎవరిదో తెలియడానికి గుమ్మం మీద ఒక బొమ్మ ఉండేది: ఓడ, డాలు, అలాంటివి. ఓడ బొమ్మ ఇంటివాళ్లు షిఫ్‌లయ్యారు, ఎర్ర డాలు ఇంటివాళ్లు రోత్‌షిల్డ్‌లయ్యారు. ఆ కుటుంబం తర్వాత అదే వీధిలో వేరే ఇంటికి మారింది. డాలు పాత గుమ్మం మీదే ఉండిపోయినా పేరు మాత్రం వెంట వచ్చింది. మనం ‘ఇంటిపేరు’ అంటాం కదా, ఆ మాట అక్షరాలా సరిపోయేది వీళ్లకే.

మధ్య, తూర్పు ఐరోపాలో చాలామంది యూదులకు అప్పటికి ఇలాంటి పేరు కూడా లేదు. యాకోబు కొడుకు ఇస్సాకు, ఇస్సాకు కొడుకు మోషే. తరం మారితే పిలుపు మారిపోయేది. పన్నులు రాబట్టాలన్నా, సైన్యంలోకి మనుషుల్ని తీసుకోవాలన్నా ప్రభుత్వాలకు ఇది పెద్ద చిక్కు. అందుకే 1787లో ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ తన రాజ్యంలోని యూదులు మారని జర్మన్ ఇంటిపేరు పెట్టుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. రష్యా 1804లో, నెపోలియన్ 1808లో, ప్రష్యా 1812లో అదే దారి పట్టాయి. రోజెన్‌బామ్ (గులాబీ చెట్టు), గోల్డ్‌స్టైన్ (బంగారు రాయి) వంటి పేర్లు అప్పట్లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న గలీసియా ప్రాంతంలో గుంపులుగా పుట్టింది ఇలాగే. ఊళ్ల పేర్లూ ఉన్నాయి: ఓపెన్‌హైమ్ నుంచి ఓపెన్‌హైమర్. కోహెన్, లేవీలు మాత్రం వేరు. అవి ఆలయ సేవ చేసిన వంశాల గుర్తులు, ఆజ్ఞలకంటే ఎంతో పాతవి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి తూర్పు బెలారుస్ పేర్లు. అక్కడ ఎన్నో కుటుంబాలు తల్లి పేరునే ఇంటిపేరు చేసుకున్నాయి. మన బైబిల్లో రిబ్కా అని చదివే పేరు వాళ్ల నోట రివ్కా. ఆమె పిల్లలు రివ్కిన్‌లు. శారా వాళ్లకు సోరా, అందులోంచి సోర్కిన్. దెబోరా నుంచి ద్వోర్కిన్. ఒక ఊరి రివ్కా వేరు, పక్క ఊరి రివ్కా వేరు. అందుకే ఇద్దరు రివ్కిన్‌లు కలిస్తే బంధువులే కానక్కర్లేదు. సొంత అన్నదమ్ములు వేర్వేరు చోట్ల నమోదై, వేర్వేరు ఇంటిపేర్లతో మిగిలిపోయిన సందర్భాలూ ఉన్నాయి.