ముహూర్తానికి విడుదల, మరమ్మతు తర్వాత

2020 అక్టోబర్ 5న పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ కంపెనీ ఓ శుభవార్త చెప్పింది. ఎనిమిదేళ్లుగా ఊరిస్తున్న తమ 'సైబర్‌పంక్ 2077' గేమ్ 'గోల్డ్' అయిందని. గేముల వ్యాపారంలో ఈ మాటకి పాతకాలం నుంచి ఒక అర్థముంది. పని అయిపోయింది, మాస్టర్ కాపీ డిస్కులు ముద్రించే ఫ్యాక్టరీకి వెళ్లింది, ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు అని. అప్పటికే రెండుసార్లు వాయిదా పడిన గేమ్ కాబట్టి అభిమానులు హమ్మయ్య అనుకున్నారు.

అక్టోబర్ 27న అదే కంపెనీ విడుదలని ఇంకో 21 రోజులు వెనక్కి నెట్టింది. గోల్డ్ అయ్యాక వాయిదా ఏమిటన్న ప్రశ్న వస్తుందని వాళ్లకీ తెలుసు, అందుకే వివరణ కూడా ఇచ్చారు. గోల్డ్ అంటే గేమ్‌ని మొదటి నుంచి చివరిదాకా ఆడొచ్చు, కంటెంట్ అంతా ఉంది అని మాత్రమేనట. పని ఆగిందని కాదట. విడుదల రోజున ఇవ్వాల్సిన ప్యాచ్‌కి, అంటే తప్పులు దిద్దే అప్‌డేట్‌కి, ఎంత టైమ్ కావాలో తక్కువ అంచనా వేశారట.

ఇది చదివితే నాకు మన గృహప్రవేశాలు గుర్తొస్తాయి. ఈ ముహూర్తం దాటితే మళ్లీ నెలల తరబడి లేదని, కిటికీలకి తలుపులు బిగించకుండానే పాలు పొంగించేస్తాం. కానీ మనం ఆ తర్వాత ఉండేది ఆ ఇంట్లోనే, దోమలు కుట్టేది మనల్నే. గేముల విషయంలో పాలు పొంగించేవాళ్లు వేరు, దోమలు కుట్టించుకునేవాళ్లు వేరు. అక్కడికి ఎలా వచ్చామన్నదే ఈ కథ.

90ల్లో ఇంట్లో టీవీ వీడియో గేమ్ ఉన్నవాళ్లకి కార్ట్రిడ్జ్ (గేమ్ చిప్ ఉండే ప్లాస్టిక్ డబ్బీ) గురించి చెప్పక్కర్లేదు. పనిచేయకపోతే బయటికి లాగి, లోపలికి ఉఫ్‌మని ఊది మళ్లీ గుచ్చేవాళ్లం. (ఊదితే మేలు కంటే నోటి తడితో పిన్నులకి కీడే ఎక్కువని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలిసినా ఊదేవాళ్లమేమో.) మన బజార్లో దొరికిన ఆ యంత్రాలు చాలామటుకు జపాన్ నింటెండో కన్సోల్‌కి నకళ్లు. 'సూపర్ మారియో బ్రదర్స్' గేమ్ మొత్తం కలిపి 40 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో దానికంటే బరువుంటుంది.

ఆ చిప్‌లో ప్రోగ్రామ్‌ని ఫ్యాక్టరీలోనే శాశ్వతంగా దింపేస్తారు. తర్వాత తప్పు బయటపడితే దిద్దే దారి లేదు. పైగా కార్ట్రిడ్జ్‌లు తయారుచేసేది నింటెండోనే. గేమ్ కంపెనీలు కనీసం ఇన్ని కావాలని ఆర్డరిచ్చి, డబ్బు ముందే కట్టాలి. సరుకు చెడితే ఆ డబ్బంతా మునిగినట్టే. కాబట్టి టెస్టింగ్ మీద ఖర్చుపెట్టడం మంచితనమేమీ కాదు, వ్యాపారం. అలాగని బగ్‌లు లేవని కాదు. మారియోలో గోడలోంచి దూరితే ఎప్పటికీ పూర్తికాని ఒక లెవెల్ వచ్చేది, 'పోకెమాన్'లో లేని జీవి ఒకటి కనపడేది. పిల్లలు వాటిని రహస్యాల్లా చెప్పుకున్నారు.

తొందరపాటు కూడా అప్పట్నుంచే ఉంది. 1982లో అటారీ కంపెనీ 'ఈటీ' సినిమాని గేమ్‌గా తీసే హక్కులు భారీ ధరకి కొని, క్రిస్మస్‌కి గేమ్ షాపుల్లో ఉండాల్సిందేనని పట్టుబట్టింది. హోవార్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్‌కి దొరికింది దాదాపు ఐదు వారాలు. ఆడినవాళ్లకి గుర్తున్నదల్లా ఈటీ గోతుల్లో పడటం, మళ్లీ పైకి రావడం, మళ్లీ పడటం. లక్షల కార్ట్రిడ్జ్‌లు అమ్ముడుపోకుండా మిగిలాయి. 1983లో అటారీ తన మిగులు సరుకుని న్యూ మెక్సికోలోని అలమగోర్డో చెత్త డంపులో పూడ్చింది. చాలాకాలం దీన్ని కట్టుకథ అనుకున్నారు. 2014 ఏప్రిల్‌లో తవ్వితే 'ఈటీ'తో పాటు మిగతా గేములు కూడా బయటపడ్డాయి. కొన్నవాళ్లూ మోసపోయారు, నిజమే. అయితే తప్పు తాలూకు పెద్ద బిల్లు మాత్రం తయారుచేసినవాడి గుమ్మంలోకే వచ్చింది.

ఆ బిల్లు మొదట పక్కకి జరిగింది పీసీల్లో. ఫ్లాపీ, సీడీ రోజుల్లోనే ప్యాచ్‌లు ఉండేవి. కంప్యూటర్ పత్రికలతో వచ్చే సీడీల్లో పెట్టి ఇచ్చేవాళ్లు, లేదా డయలప్ కనెక్షన్ మీద గంటల తరబడి దింపుకోవాలి. 1996లో వచ్చిన 'డాగర్‌ఫాల్' బగ్‌లకి పేరుమోసింది. 2001లో వచ్చిన ఒక 'పూల్ ఆఫ్ రేడియన్స్' గేమ్ ఇంకో అడుగు ముందుకేసింది. దాన్ని కంప్యూటర్ నుంచి తీసేయబోతే విండోస్ ఫైళ్లని కూడా చెరిపేసే ప్రమాదముండేది. గేమ్ నచ్చలేదని తీసేస్తే కంప్యూటర్ పోవడమన్నమాట. 2003లో వాల్వ్ కంపెనీ స్టీమ్‌ని తెచ్చిందే ముఖ్యంగా 'కౌంటర్-స్ట్రైక్' లాంటి గేములకి అప్‌డేట్లు వాటంతటవే చేరేలా చూడటానికి. ఇవాళ అది పీసీ గేములు అమ్మే పెద్ద ఆన్‌లైన్ దుకాణం. మొదలైంది మరమ్మతుల బండిగా.

కన్సోల్‌లో ప్యాచ్ వెయ్యాలంటే దాచుకోవడానికి చోటుండాలి, ఇంటర్నెట్ ఉండాలి. 2001 నాటి మైక్రోసాఫ్ట్ మొదటి ఎక్స్‌బాక్స్‌లో హార్డ్ డిస్క్ వచ్చింది. ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3 వచ్చేసరికి ఆన్‌లైన్ మామూలైపోయింది. అయినా ప్యాచ్ ఊరికే వెయ్యనిచ్చేవాళ్లు కాదు, కన్సోల్ కంపెనీ పెట్టే సర్టిఫికేషన్ పరీక్ష పాసవ్వాలి, రెండోసారి వస్తే ఫీజు కట్టాలి. 2012లో 'ఫెజ్' అనే చిన్న గేమ్‌కి వేసిన ప్యాచ్ చాలా తప్పులు దిద్దింది కానీ, కొద్దిమందికి సేవ్ చేసుకున్న ఆటని పాడుచేసింది. దాన్ని సరిచేసి మళ్లీ పరీక్షకి పంపాలంటే వేల డాలర్లు కట్టాలి, అంత స్తోమత లేదని చెప్పి, తయారీదారులు ఆ పాడుచేసే ప్యాచ్‌నే తిరిగి విడుదల చేశారు! గొడవైంది. 2013లో మైక్రోసాఫ్ట్ ఆ ఫీజు ఎత్తేసింది. చిన్నవాళ్ల మేలు కోసం తీసిన గేటు అది, తప్పుబట్టలేం. అయితే తెరిచిన గేటులోంచి పెద్దవాళ్లూ వచ్చారు.

విడుదల రోజునే వచ్చే డే వన్ ప్యాచ్ పుట్టుకలో కూడా మోసమేమీ లేదు. డిస్కులు ముద్రించి షాపులకి చేరడానికి వారాలు పడుతుంది, ఆ వారాల్లో టీమ్ ఖాళీగా కూర్చోదు కదా, కనపడ్డ తప్పులు దిద్దుతుంది. చిక్కల్లా ఆ వారాల్ని ముందే లెక్కలో వేసుకోవడంతో వచ్చింది. 2015లో 'టోనీ హాక్స్ ప్రో స్కేటర్ 5' డిస్క్‌లో ఉన్నది శిక్షణ భాగం, పార్క్ కట్టుకునే భాగం, దాదాపు అంతే. అసలు గేమ్ 7 జీబీకి పైగా ఉన్న ప్యాచ్‌లో వచ్చింది. కొన్న డిస్క్ కంటే ప్యాచ్ పెద్దది.

ఈలోపు డబ్బు ముందు, గేమ్ తర్వాత అనే అలవాటు కూడా బలపడింది. ఎర్లీ యాక్సెస్ మీద, అంటే పూర్తికాని గేమ్‌ని ముందే అమ్మడం మీద, నాకు పెద్ద ఫిర్యాదు లేదు. 'మైన్‌క్రాఫ్ట్'ని 2009 నుంచే, ఇంకా తయారవుతుండగానే అమ్మారు. 'బాల్డర్స్ గేట్ 3' దాదాపు మూడేళ్లు అలా ఉండి 2023లో పూర్తిగా వచ్చింది. ఇది సగమే అని బోర్డు పెట్టి అమ్మారు, తెలిసి కొన్నారు. బోర్డు లేకుండా అమ్మడంతోనే పేచీ. 2014 నవంబర్‌లో 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' వచ్చినప్పుడు, అమెరికాలో అమ్మకాలు మొదలైన కొన్ని గంటల దాకా రివ్యూలు బయటికి రాకూడదన్న షరతు ఉంది. ప్రీ-ఆర్డర్ చేసినవాళ్లు తెరిచి చూస్తే కొన్ని పాత్రలకి ముఖం ఊడిపోయి కళ్లూ పళ్లూ మాత్రమే మిగిలాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, ప్రీ-ఆర్డర్‌కి అంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

ఇవన్నీ ఒక్కచోట కలిసింది సైబర్‌పంక్‌లో.

విడుదలకి ముందే 80 లక్షల ప్రీ-ఆర్డర్లు. గేమ్ తయారీకి, ప్రచారానికి పెట్టిన ఖర్చంతా డిజిటల్ ప్రీ-ఆర్డర్లతోనే వచ్చేసిందని కంపెనీయే చెప్పుకుంది. అంటే 2020 డిసెంబర్ 10 ఉదయానికి, కొన్నవాళ్లు ఒక్కరూ పూర్తిగా ఆడకముందే, పెట్టుబడి తిరిగొచ్చేసింది. రివ్యూ రాసేవాళ్లకి ముందుగా ఇచ్చింది పీసీ వెర్షన్ మాత్రమే, వీడియోల్లోనూ కంపెనీ ఇచ్చిన దృశ్యాలే వాడాలన్నారు. మంచి మార్కులే వచ్చాయి. 2013 నాటి పాత ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ మీద గేమ్ ఎలా నడుస్తుందో మాత్రం కొన్నవాళ్లు కొన్నాకే చూశారు. బొమ్మ మసకబారడం, ఆట ముక్కలు ముక్కలుగా కదలడం, ఉన్నట్టుండి ఆగిపోయి మొదటికి రావడం.

తర్వాత వారం రోజులూ గందరగోళమే. కావాలంటే డబ్బు వెనక్కి తీసుకోండని కంపెనీ ప్రకటించింది. సోనీ రీఫండ్ నియమాలు అందుకు తయారుగా లేవు. చివరికి సోనీ తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచి గేమ్‌నే తీసేసింది. అంత పెద్ద గేమ్‌ని దుకాణమే అలా తీసేయడం అంతకుముందు ఎవరూ చూడలేదు. మళ్లీ పెట్టింది 2021 జూన్ 21న. కంపెనీ షేరు కుప్పకూలింది, అమెరికాలో ఇన్వెస్టర్లు వేసిన దావా 18.5 లక్షల డాలర్లకి రాజీ అయింది.

అసలు లెక్క వేరే చోట ఉంది. 2020లో, అంటే మూడు వారాల్లో, 1.37 కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి. కంపెనీ తన సొంత పథకం కింద నేరుగా డబ్బు వెనక్కిచ్చింది దాదాపు 30 వేల కాపీలకే. షాపులు, ఆన్‌లైన్ స్టోర్లు ఇచ్చినవి వేరే ఉన్నాయి కానీ, ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూసిన ఏ ఫైనాన్స్ మేనేజరూ వచ్చేసారి డేట్ మార్చమని పట్టుబట్టడు.

ఇక్కడ టెస్టర్లని తిట్టడం మామూలు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లని అడగండి, చెబుతారు. బగ్ కనపడకపోవడం అరుదు. కనపడుతుంది, రాసి పెడతారు, గో-లైవ్‌కి రెండు రోజుల ముందు మీటింగ్‌లో దాన్ని 'తర్వాత రిలీజ్‌లో చూద్దాం' కాలమ్‌లోకి తోసేస్తారు. సీడీ ప్రాజెక్ట్ సహ వ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్‌స్కీ 2021 జనవరిలో వీడియో పెట్టి, నిర్ణయం యాజమాన్యానిదే, టీమ్‌ని తిట్టకండి అన్నారు. అయితే తమ టెస్టింగ్‌లో ఆ సమస్యల్లో చాలా భాగం కనపడలేదని కూడా ఆ వీడియోలోనే అన్నారు. కోటి మందికి మొదటి గంటలో కనపడ్డవి వాళ్లకి కనపడలేదంటే నమ్మడం నా వల్ల కాలేదు.

బాగుచేయడం మాత్రం బాగుచేశారు. 2022 ఫిబ్రవరిలో 1.5 ప్యాచ్, 2023 సెప్టెంబర్‌లో 2.0, దాని వెంటే 'ఫాంటమ్ లిబర్టీ' అనే కొత్త కథ. తిట్టినవాళ్లే తిరిగొచ్చి మెచ్చుకున్నారు. అంతకుముందే బ్రిటన్‌కి చెందిన హెలో గేమ్స్ ఈ దారి చూపించింది. వాళ్ల 'నో మ్యాన్స్ స్కై' 2016లో వచ్చినప్పుడు, ఇద్దరు ఆటగాళ్లు ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరినా ఒకరికొకరు కనపడలేదు. పదిహేను మంది దాకా ఉన్న ఆ చిన్న టీమ్ నోరు మూసుకుని పనిచేసి, ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇచ్చింది. జపాన్ కంపెనీ స్క్వేర్ ఎనిక్స్ అయితే 2010లో బెడిసికొట్టిన 'ఫైనల్ ఫాంటసీ 14'ని 2012లో పూర్తిగా మూసేసి, 2013లో కొత్తగా కట్టి తెరిచింది.

ఈ మూడు కథలూ పదేపదే చెబుతారు. 'యాంథెమ్' గురించి అంతగా చెప్పరు. 2019లో వచ్చింది, బాగుచేస్తామన్నారు, 2021లో ఆ ప్రయత్నం ఆపేశారు, 2026 జనవరి 12న సర్వర్లు ఆపేస్తామని ప్రకటించారు. ఆన్‌లైన్ ఉంటేనే నడిచే గేమ్ కాబట్టి, సర్వర్ పోతే కొన్న డిస్క్ గుండ్రటి ప్లాస్టిక్ ముక్క. 2023 డిసెంబర్‌లో 'ది డే బిఫోర్' విడుదలైన నాలుగు రోజులకే దాని స్టూడియో మూతపడింది. తర్వాత ఎప్పుడో బాగుపడుతుందన్న నమ్మకంతో కొనేవాళ్లు, ఏది సైబర్‌పంక్ అవుతుందో ఏది యాంథెమ్ అవుతుందో కొన్నరోజు చెప్పలేరు.

కొనేవాళ్ల చేతికి వచ్చిన ఒకే ఒక్క గట్టి ఆయుధం రీఫండ్. 2015 జూన్‌లో స్టీమ్ కొత్త నియమం పెట్టింది. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపైతే డబ్బు వెనక్కి. అదే నెలలో 'బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ నైట్' పీసీ వెర్షన్ ఘోరంగా రావడం, జనం రీఫండ్ అడగడం, వార్నర్ బ్రదర్స్ దాన్ని అమ్మకం నుంచే తప్పించడం జరిగాయి. అది మళ్లీ అమ్మకానికి వచ్చింది అక్టోబర్‌లో. కాకపోతే ఇప్పటి పెద్ద గేమ్ ఒకటి దింపుకోవాలంటేనే 70 నుంచి 100 జీబీ. రోజుకి 2 జీబీ మొబైల్ డేటాతో నెట్టుకొచ్చే ఇంట్లో అది నెల రేషన్ కంటే ఎక్కువ. డబ్బు వెనక్కి వస్తుంది, డేటా రాదు.

2025 జూన్ 5న నింటెండో స్విచ్ 2 విడుదలైంది. దానికి వచ్చిన చాలా కంపెనీల గేములు 'గేమ్-కీ కార్డ్' రూపంలో ఉన్నాయి. చూడటానికి కార్ట్రిడ్జే, లోపల గేమ్ ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. గుచ్చితే గేమ్ ఇంటర్నెట్ నుంచి దిగుతుంది. మొత్తం గేమ్‌ని 64 జీబీ కార్డులోనే పెట్టి అదే రోజు అమ్మకానికి తెచ్చిన కొద్ది బయటి కంపెనీల్లో సీడీ ప్రాజెక్ట్ రెడ్ ఒకటి. ఆ గేమ్ 'సైబర్‌పంక్ 2077'.