గదేమైంది బిడ్డా: సోషల్ వర్క్‌లో ఇవాల్యుయేషన్ రిపోర్టుల వెనక కథ

ఎంఎస్‌డబ్ల్యు (సోషల్ వర్క్‌లో పీజీ) అయిపోయి ఒక స్వచ్ఛంద సంస్థలో చేరిన కొత్తలో, హైదరాబాద్‌లో రసూల్‌పుర వైపు ఒక బస్తీలో ఇంటింటికీ తిరిగి సర్వే చేసేదాన్ని. ఇంట్లో ఎంతమంది, టీవీ ఉందా, ఫ్రిజ్ ఉందా, పిల్లలు బడికి పోతున్నారా, ఇట్లా నాలుగు పేజీల ఫారం. చాటలో బియ్యం ఏరుకుంటూ జవాబులు చెప్తున్న ఒక పెద్దావిడ మధ్యలో ఆగి అడిగింది: "పోయినసారి గూడ గిట్లనే రాసుకపోయిండ్రు గద, గదేమైంది బిడ్డా?" నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే పోయినసారి రాసుకుపోయింది మా సంస్థేనని కూడా నాకు తెలియదు. ఆఫీసుకొచ్చి అడిగితే స్పైరల్ బైండింగ్ చేసిన రిపోర్టు ఒకటి బీరువా పైనుంచి తీసిచ్చారు. ఇంగ్లీషులో ఉంది. ఫీల్డ్‌లో రోజూ తిరిగే అక్కల్లో ఒక్కరూ దాన్ని చదవలేదు.

అప్పటినుంచి నాకు ఇవాల్యుయేషన్, అంటే చేసిన పని ఫలించిందా లేదా అన్న మదింపు, అనగానే రిపోర్టులో ఏముందన్నదాని కంటే అది చివరికి ఎవరి చేతికి వెళ్ళిందన్నదే ముందు గుర్తొస్తుంది. వెనక్కి వెళ్ళి చూస్తే దీని చరిత్ర మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

మన దేశంలో ఇది కొత్తగా ఫండర్లు, అంటే ఎన్‌జీఓలకి డబ్బిచ్చేవాళ్ళు, తెచ్చిన అలవాటని చాలామంది అనుకుంటారు, కానీ కాదు. 1952 అక్టోబర్ 2న 55 ప్రాంతాల్లో ఊళ్ళ కోసం సామాజికాభివృద్ధి పథకం మొదలైంది, అదే నెలలో దాన్ని మదింపు చేయడానికి ప్రణాళికా సంఘం కింద ప్రోగ్రామ్ ఇవాల్యుయేషన్ ఆర్గనైజేషన్‌ని పెట్టారు. పథకం, దాని తనిఖీ ఒకే నెలలో పుట్టాయన్నమాట, ఇది చిన్న విషయం కాదు. ఆ సంస్థ రిపోర్టులు మొహమాటం లేకుండానే రాసేది: ఊళ్ళో జనం ఈ పనుల్ని తమవి అనుకోవడం లేదు, సర్కారు చేసిపెడుతుందని ఎదురుచూస్తున్నారు అని. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ ఈ పథకాన్ని పరిశీలించి, ఊరి పనులు ఊరి వాళ్ళు ఎన్నుకున్న సంస్థల చేతికే ఇవ్వండి అంది. రాజస్థాన్ తర్వాత ఆంధ్రప్రదేశే ఆ మాట అందుకుంది, 1959లో నెహ్రూ షాద్‌నగర్ వచ్చి ఇక్కడి పంచాయతీ రాజ్‌ను ప్రారంభించారు. అంటే మనం ఇవాళ మామూలుగా అనే 'మండలం, జడ్పీ' మాటల వెనక, దూరంగానైనా, ఒక మదింపు ఉంది. రాజేంద్రనగర్‌లో ఇప్పుడు ఎన్‌ఐఆర్‌డీగా (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) మనకు తెలిసిన సంస్థ కూడా ఆ సామాజికాభివృద్ధి కాలం నాటిదే, 1958లో ముస్సోరీలో పుట్టి 1965లో ఇక్కడికొచ్చింది. 1967లో హైదరాబాద్ బస్తీల్లో పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టు (ఇంగ్లీషులో పొట్టిగా యూసీడీ) మొదలైంది. ఇప్పటికీ మన దగ్గర పాతవాళ్ళు 'యూసీడీ వాళ్ళొచ్చారు' అంటుంటారు.

ఇదంతా పథకాల సంగతి. ఒక మనిషికి ఒక సోషల్ వర్కర్ దగ్గరుండి చేసే సాయం ఫలిస్తోందా అన్న ప్రశ్న అమెరికాలో గట్టిగా వచ్చింది, ఆ కథ మాత్రం కాస్త ఆగి చెప్పుకోవాలి. బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ అనే రెండు ఊళ్ళున్నాయి. అక్కడ 506 మంది మగపిల్లల్ని తీసుకుని సగం మందికి 1939 నుంచి 1945 దాకా కౌన్సెలర్లను పెట్టారు. చదువు చెప్పించారు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు, ఇంటికొచ్చి మాట్లాడారు, క్యాంపులకి పంపారు. మిగతా సగాన్ని వాళ్ళ మానాన వదిలేశారు. 30 ఏళ్ళ తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు ఆ పిల్లల్ని, అంటే అప్పటికి నడివయసుకొచ్చిన మగవాళ్ళని, మళ్ళీ వెతికి పట్టుకుంది. 1978లో ఫలితం బయటికొచ్చింది. సాయం అందుకున్నవాళ్ళు బాగుపడలేదు సరికదా, తాగుడు, జబ్బులు, రెండోసారి నేరం చేయడం లాంటి కొన్ని విషయాల్లో సాయం అందనివాళ్ళకంటే అధ్వాన్నంగా ఉన్నారు. ఇంకా విచిత్రం ఏంటంటే, ఆ ప్రోగ్రామ్ మీకు మేలు చేసిందా అని అడిగితే మూడింట రెండొంతుల మందికి పైగా చేసిందనే చెప్పారు! మనం ట్రైనింగ్ అయిపోగానే 'మీకు నచ్చిందా అక్కా?' అని అడిగి, నవ్వు మొహం బొమ్మ మీద టిక్ పెట్టించుకుని, దాన్నే ఫలితంగా రాసేస్తాం చూడండి, అక్కడ నాకు ఈ కథ గుర్తొస్తుంది.

దానికి ఐదేళ్ళ ముందే, 1973లో, జోయెల్ ఫిషర్ అనే సోషల్ వర్క్ ప్రొఫెసర్ కేస్‌వర్క్ మీద, అంటే ఇట్లా ఒక్కో మనిషికీ దగ్గరుండి చేసే సాయం మీద, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్లో పోలిక గ్రూపు ఉన్నవాటిని ఏరి చూసి, అది పనిచేసిందనడానికి ఆధారం దొరకలేదని రాశాడు. సోషల్ వర్కర్లకు మండింది. కొందరు కొలిచిన పద్ధతే తప్పన్నారు, ఇంకొందరు అయితే మన పనిని మనమే కొలుచుకోవాలి అన్నారు, ఇవాళ ఎంఎస్‌డబ్ల్యు సిలబస్‌లో రీసెర్చ్ పేపర్లు అంత బరువుగా ఉండటంలో ఆ గొడవకూ వాటా ఉందని నా అభిప్రాయం. దీనికి కాస్త ముందు, 1969లో, అమెరికా విదేశీ సాయం సంస్థ లాగ్‌ఫ్రేమ్ అనే గళ్ళ పట్టీని తయారుచేయించుకుంది. లక్ష్యం ఒక గడి, పని ఒక గడి, కొలత ఒక గడి. అది ఎన్‌జీఓల మీదుగా మన దాకా వచ్చి ఇంక పోలేదు. ప్రపోజల్ రాసిన ప్రతివాళ్ళకీ ఆ టెన్షన్ తెలుసు.

కరోల్ వైస్ అనే పండితురాలు 1970ల్లోనే ఇంకో మాట చెప్పింది: రిపోర్టు చూసి నిర్ణయం మార్చుకోవడం అరుదు, ఎక్కువసార్లు ముందే తీసుకున్న నిర్ణయానికి రిపోర్టును సాక్ష్యంగా పట్టుకొస్తారు, లేదంటే అందులోని ఆలోచన ఏళ్ళ తరబడి మెల్లగా ఇంకుతుంది.

దీనికి మన ఊళ్ళోనే ఉదాహరణ ఉంది. 2000ల మధ్యలో హైదరాబాద్‌లోని 104 బస్తీలను తీసుకుని, లాటరీ పద్ధతిలో ఎంచిన సగం బస్తీల్లో స్పందన అనే మైక్రోఫైనాన్స్ (పేదలకు చిన్న అప్పులిచ్చే) సంస్థ గ్రూపు లోన్లు మొదలుపెట్టింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వాళ్ళ బృందం రెండు రకాల బస్తీలనూ పోల్చి చూసింది. తేలింది ఏంటంటే, అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవాళ్ళు కొందరు దాన్ని పెంచుకున్నారు, కొంతమంది ఇంట్లోకి సామాను కొనుక్కున్నారు, కానీ సగటున ఇంటి ఖర్చు పెరగలేదు, పిల్లల చదువులోనూ, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లడంలోనూ తేడా కనపడలేదు. 2009లో ఇది బయటికి రాగానే అప్పుల కంపెనీల వైపువాళ్ళు 'నష్టమైతే లేదుగా' అన్నారు, వాటిని వ్యతిరేకించేవాళ్ళు 'పేదరికం తగ్గలేదుగా' అన్నారు. ఒకే రిపోర్టు! 2010 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చింది, అయితే దాని వెనకున్నది వసూళ్ళ వేధింపులు, ఆత్మహత్యల వార్తలు. నాతో పనిచేసిన అక్కల్లో ముగ్గురు అప్పట్లో ఇట్లాంటి గ్రూపుల్లో ఉన్నవాళ్ళే. ప్రపంచమంతా తిరిగిన ఆ అధ్యయనం సంగతి వాళ్ళకి నేను చెప్పేదాకా తెలియదు.

రిపోర్టు వెనక్కి జనం దగ్గరికి వచ్చిన సందర్భం కూడా ఇక్కడే ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ సామాజిక తనిఖీ చేయమంది. చాలా రాష్ట్రాలు దాన్ని పక్కన పెట్టేసినా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి నిజంగానే చేసింది, 2009లో దానికోసం హైదరాబాద్ కేంద్రంగా ఒక సొసైటీనే పెట్టింది. కూలీల ఇళ్ళలోని యువతకే ట్రైనింగ్ ఇచ్చి, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ పంపి, నీ పేరు మీద 12 రోజులు రాశారు, నువ్వు చేసింది ఎన్ని అని అడిగించారు. తేలినదాన్ని గ్రామసభలో, తర్వాత మండల ప్రజావేదికలో, సంబంధిత అధికారుల ముందే తెలుగులో చదివారు. బయటపడ్డ డబ్బంతా వసూలైందా అంటే లేదు, అందులో చాలా భాగం తిరిగి రాలేదు. అయినా చదివేటప్పుడు ఎవరి గురించి రాశారో వాళ్ళు ఎదురుగా కూర్చుని ఉన్నారు, తప్పుంటే లేచి తప్పు అన్నారు. నాకు అది చాలా పెద్ద తేడా.

ఢిల్లీలో ఆ పాత ఇవాల్యుయేషన్ సంస్థ 2015లో నీతి ఆయోగ్ కింద కొత్త పేరుతో కలిసిపోయింది. ఎన్‌జీఓల రోజువారీ పనిని మార్చింది మాత్రం 2021 జనవరి సీఎస్‌ఆర్ రూల్స్, అంటే కంపెనీలు చట్టప్రకారం సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు మీద రూల్స్. మూడేళ్ళ సగటున 10 కోట్లు, అంతకుమించి సీఎస్‌ఆర్ ఖర్చు పెట్టాల్సిన కంపెనీలు, కోటి రూపాయలూ ఆపైన ఉన్న ప్రాజెక్టులకి, అవి ముగిసి ఏడాది గడిచాక, బయటి ఏజెన్సీతో ఇంపాక్ట్ అసెస్‌మెంట్ (ఫలితాల మదింపు) చేయించాలి. ఆ రిపోర్టును కంపెనీ బోర్డు ముందు పెట్టాలి, వార్షిక సీఎస్‌ఆర్ నివేదికకి జతచేయాలి. రూల్‌లో ఉన్నది అంతే, బస్తీ ఊసు లేదు. దాంతో ట్యాబులు పట్టుకున్న సర్వే పిల్లలు మళ్ళీ వస్తున్నారు, జనం మళ్ళీ టీవీ, ఫ్రిజ్ లెక్క చెప్తున్నారు.

మా దగ్గర ఒక్కసారి మాత్రం, ఎవరూ అడక్కపోయినా, ఎండ్‌లైన్ రిపోర్టును (ప్రాజెక్టు చివర చేసే సర్వే రిపోర్టు) రెండు పేజీల తెలుగులో రాసి కమ్యూనిటీ హాల్లో చదివాం. ట్యూషన్ సెంటర్‌కి రావడం మానేసిన పిల్లలు 11 మంది, కారణం 'తల్లిదండ్రుల నిరాసక్తత' అని అందులో ఉంది. ఆ మాట చదవగానే వెనక వరసలోంచి నవ్వులు. నలుగురు కిరాయిలు పెరిగి జగద్గిరిగుట్ట వైపు ఇల్లు మారారట, మిగతావాళ్ళకి నీళ్ళొచ్చేది సరిగ్గా ట్యూషన్ మొదలయ్యే ఐదున్నరకే, అమ్మలు పనిలోంచి రారు కాబట్టి బిందెలు పట్టేది ఈ పిల్లలే. మర్నాటినుంచి ట్యూషన్ ఏడింటికి మార్చాం. బియ్యం ఏరిన పెద్దావిడ కూడా ఆ రోజు వచ్చింది. అంతా అయ్యాక నా దగ్గరికొచ్చి, "గీ ముచ్చట అప్పుడే అడిగితే అప్పుడే చెప్తుంటిమి గద" అని, చేతిలోని ఆ రెండు పేజీలు మడిచి కొంగున కట్టుకుని పోయింది.