ఏడీహెచ్‌డీ మాత్ర మెదడుని ఏం చేస్తుంది?

ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం వంటి సమస్య) రాసే మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై గట్టి నియంత్రణ ఉన్న మందు. డాక్టర్ చీటీ రెండు కాపీలు రాయాలి, అందులో ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. హైదరాబాద్‌లో సందు చివరి మెడికల్ షాపులో అడిగితే 'మా దగ్గర ఉండదండీ, కోఠీ వైపు పెద్ద షాపుల్లో చూడండి' అంటారు. ఇంత కట్టడి చూసేసరికే తల్లిదండ్రులకు సగం టెన్షన్. మిగతా సగం చుట్టాలు చూసుకుంటారు. సైకియాట్రిస్ట్ అన్నామో లేదో 'ఎర్రగడ్డకా?' అనే ఊరు కదా మనది! ఆ వెంటనే వచ్చే ప్రశ్న: ఏళ్ల తరబడి వేస్తే పిల్లాడి మెదడు పాడవదా?

భయం సంగతి ఎలా ఉన్నా ప్రశ్న సరైనదే. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టర్ పిల్లలకు బెంజెడ్రిన్ అనే ఇలాంటి ఉత్తేజక మందే ఇచ్చి, వాళ్ల చదువు బాగుపడటం గమనించాడు. అంటే ఈ రకం మందులకు ఎనభై ఏళ్లు దాటాయి. ఇన్నాళ్లయినా సూటిగా జవాబు ఎందుకు రాలేదంటే, మందు వాడినవాళ్లనీ వాడనివాళ్లనీ పక్కపక్కన పెట్టి స్కాన్ తీస్తే తేలే విషయం కాదిది. మందు రాసేది సమస్య ఎక్కువున్నవాళ్లకి. ఏళ్లపాటు కొనసాగించేది అది పడినవాళ్లు, ఖర్చు భరించగలిగినవాళ్లు. కూకట్‌పల్లిలో ఐఐటీ ఫౌండేషన్ క్లాసులో కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్లాడు పరీక్షలయ్యేదాకా మాత్ర వేసుకుని, ఎండాకాలం సెలవుల్లో మానేసి, జూన్‌లో మళ్లీ మొదలుపెడితే వాణ్ణి ఏ లెక్కలో వేస్తారు?

ఈ చిక్కు తప్పించుకోవాలని అమెరికాలో ఎంటీఏ అనే ఏడీహెచ్‌డీ చికిత్సల అధ్యయనం 579 మంది పిల్లల్ని లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీసింది. 14 నెలల తర్వాత, 1999లో వచ్చిన ఫలితాల్లో మందు జాగ్రత్తగా వాడిన గుంపులవాళ్లు బాగా మెరుగయ్యారు. ఆ తర్వాత ఎవరిష్టం వాళ్లది. కొందరు మానేశారు, కొందరు కొత్తగా మొదలుపెట్టారు, మూడేళ్లకు గుంపుల మధ్య తేడా మాయమైంది. మందు పనిచేయడం మానేసిందా, గుంపులే కలగాపులగమయ్యాయా అన్నది ఇప్పటికీ వాదనే. పోనీ లాటరీని పదేళ్లు సాగిద్దామంటే, అవసరమున్న పిల్లాడికి పనిచేసే మందు అన్నేళ్లు ఆపడం అన్యాయం.

స్కాన్లు కొంత ఊరటనిచ్చాయి. ఏడీహెచ్‌డీ పిల్లల మెదడు సగటున కాస్త చిన్నదిగా ఉంటుంది. ఇది మందు చేసిన పనేనేమో అని అనుమానం ఉండేది. 2002లో జేవియర్ కాస్టెయానోస్ బృందం ఎప్పుడూ మందు వాడని 49 మంది పిల్లల్ని కూడా చూస్తే వాళ్లలోనూ అదే తేడా కనిపించింది. 2017లో ఏడీహెచ్‌డీ ఉన్న 1,713 మంది స్కాన్లు కలిపి చూసినా, ఆ తేడాకీ మందుకీ సంబంధం కనిపించలేదు.

అలాగని మెదడు దేనికీ చలించదని కాదు. నరాల కణం వదిలిన డోపమైన్ అనే రసాయనాన్ని తిరిగి లోపలికి లాక్కునే ప్రోటీన్లుంటాయి, వాటిని ట్రాన్స్‌పోర్టర్లంటారు. ఈ మందు వాటికి అడ్డుపడుతుంది, దాంతో డోపమైన్ బయట ఎక్కువసేపు నిలుస్తుంది. అంతకుముందు మందు ఎరగని 18 మంది పెద్దవాళ్లకు ఏడాదిపాటు ఇచ్చి పెట్ స్కాన్ తీస్తే, ట్రాన్స్‌పోర్టర్లు 24 శాతం పెరిగినట్టు 2013లో తేలింది. నువ్వు అడ్డుపెడితే నేను ఇంకొన్ని పెడతానన్నట్టుంది మెదడు వరస! మాత్ర వేసుకోని రోజు లక్షణాలు ఎక్కువగా అనిపించడానికి ఇదో కారణం కావచ్చు. పద్దెనిమిది మందే కాబట్టి దీన్ని రాతి మీద రాయక్కర్లేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆమ్‌స్టర్‌డామ్ ప్రయోగం. ఇదే మందుతో 16 వారాల చికిత్స ఆపిన వారానికి పరీక్షిస్తే, 10-12 ఏళ్ల అబ్బాయిల్లో థాలమస్ (మెదడు లోపలి ఒక భాగం) రక్తప్రవాహం మందుకి స్పందించే తీరు మారింది, 23-40 ఏళ్ల మగవాళ్లలో మారలేదు. ఆ మార్పు మంచిదో చెడ్డదో స్కాన్ చెప్పదు, కానీ పెద్దవాళ్ల ఫలితాలు చూపించి పిల్లలకేం కాదనడం మాత్రం కుదరదు.

మెదడు గొడవలో పడి మనం పట్టించుకోని విషయం ఎత్తు. ఎంటీఏలోనే, మూడేళ్లు ఆపకుండా వాడిన పిల్లలు వాడనివాళ్లకంటే సగటున 2 సెంటీమీటర్లు తక్కువ పెరిగారు. బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలిచ్చే నైస్ (NICE) సంస్థ ప్రకారం ఆరు నెలలకోసారి ఎత్తు, గుండె వేగం, బీపీ చూడాలి, మందు ఇంకా అవసరమా అని ఏడాదికోసారి సమీక్షించాలి. పది నిమిషాల ఓపీలో ఇవన్నీ డాక్టరే గుర్తుపెట్టుకోవాలంటే కష్టం. పాత కొలతలు రాసి పట్టుకెళ్లి మీరే అడగండి. సొంతంగా మాత్రం ఆపేయకండి.