డెలావేర్: కంపెనీలకు పుట్టిల్లు ఎలా అయింది?

2024 జనవరిలో, అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో కంపెనీ తగాదాలు వినే ఛాన్సరీ కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఎలాన్ మస్క్‌కి టెస్లా రాసిచ్చిన సుమారు 5,580 కోట్ల డాలర్ల జీతభత్యాల ప్యాకేజీ చెల్లదంది. కేసు వేసింది తొమ్మిదంటే తొమ్మిది షేర్లున్న ఒక వాటాదారు. మస్క్‌కి ఒళ్లు మండింది. డెలావేర్‌లో కంపెనీ పెట్టొద్దని అందరికీ బాహాటంగా సలహా ఇచ్చాడు. ఆ జూన్‌లోనే టెస్లా రిజిస్ట్రేషన్ టెక్సాస్‌కి మారిపోయింది.

టెస్లా హెడ్డాఫీసు డెలావేర్‌లో ఎప్పుడూ లేదు. కాగితం మీద పుట్టింది మాత్రం అక్కడే. అమెరికా పెద్ద కంపెనీల్లో మూడింట రెండొంతులది ఇదే కథ. మన పాత రంగారెడ్డి జిల్లా కన్నా చిన్న రాష్ట్రం, ఉన్నవి మూడే కౌంటీలు, జనాభా పది లక్షలు. అక్కడ నమోదైన సంస్థలు మాత్రం ఇరవై లక్షల పైమాటే.

డెలావేర్ కార్ల నంబర్ ప్లేట్ల మీద ‘మొదటి రాష్ట్రం’ అని ఉంటుంది. 1787 డిసెంబర్ 7న డోవర్‌లోని ఒక సత్రంలో ముప్పై మంది ప్రతినిధులు కూర్చుని అమెరికా రాజ్యాంగాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు. అలా ఆమోదించిన మొదటి రాష్ట్రం ఇదే. సెనేట్‌లో చిన్నా పెద్దా తేడా లేకుండా ప్రతి రాష్ట్రానికీ రెండేసి సీట్లు ఇస్తామన్నారు. చిన్న రాష్ట్రానికి అంతకన్నా మంచి బేరం దొరకదు. అయితే ఆ తొందర అన్నిట్లోనూ చూపించలేదు. బానిసత్వాన్ని రద్దు చేసే 13వ సవరణను 1865లో తిరస్కరించి, 1901లో గానీ ఒప్పుకోలేదు.

కంపెనీల వ్యాపారంలో మాత్రం డెలావేర్ మొదటిది కాదు. ఆ దారి వేసింది పక్కనున్న న్యూజెర్సీ. 1890ల్లో అక్కడి చట్టాలు సడలించడంతో పెద్ద పెద్ద ట్రస్టులు (ఒకే పెత్తనం కిందకు చేరిన కంపెనీల కూటములు) అటే వెళ్లాయి, ఖజానా నిండింది. అది చూసిన డెలావేర్ 1899లో దాదాపు అదే చట్టాన్ని తెచ్చుకుంది. తర్వాత కలిసొచ్చింది. 1913లో, అధ్యక్షుడిగా వాషింగ్టన్ వెళ్లే ముందు, గవర్నర్ ఉడ్రో విల్సన్ న్యూజెర్సీ చట్టాలను బిగించేశాడు. కంపెనీలు డెలావేర్ దారి పట్టాయి. కొన్నేళ్లకు న్యూజెర్సీ మనసు మార్చుకున్నా పోయినవి వెనక్కి రాలేదు.

నా లెక్కలో, రప్పించింది చట్టమైతే కట్టిపడేసింది కోర్టు. 1792లో పెట్టిన ఛాన్సరీ కోర్టులో జ్యూరీ ఉండదు. కంపెనీ తగాదాల్లో తలపండిన జడ్జీలు కూర్చుని, కారణాలన్నీ విడమరిచి తీర్పు రాస్తారు. వందేళ్లకు పైగా పోగుపడిన ఆ తీర్పులను చూసి, ఫలానా పని చేస్తే కోర్టు ఏమంటుందో లాయర్లు ముందే చెప్పగలరు. కంపెనీలకు కావాల్సింది అదే. ఈ కోర్టు చేసింది షేర్ల పంచాయితీలే అనుకుంటే పొరపాటు. 1952లో ఛాన్సలర్, అంటే ఈ కోర్టు ప్రధాన జడ్జి, కాలిన్స్ సైట్జ్ నల్లజాతి పిల్లలను తెల్లవాళ్ల బడుల్లో చేర్చుకోమని ఆదేశించింది ఇక్కడే. తర్వాత బడుల్లో నల్లజాతి పిల్లలను వేరుపెట్టడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన ‘బ్రౌన్’ కేసులో కలిపి విన్న ఐదింటిలో, కింది కోర్టులో పిల్లలు గెలిచి చేరగలిగిన కేసు ఇదొక్కటే.

ఇక డబ్బు సంగతి. డెలావేర్‌లో సేల్స్ టాక్స్ లేదు. కంపెనీల నుంచి వచ్చే ఫీజులు, పన్నులు రాష్ట్ర ఆదాయంలో ఒక పెద్ద వాటా. విల్మింగ్టన్‌లో నార్త్ ఆరెంజ్ స్ట్రీట్, 1209 నంబర్ భవనానికి ఉన్నది ఒకటే అంతస్తు. రెండున్నర లక్షలకు పైగా సంస్థలకు కాగితం మీద అదే అడ్రస్. అమెరికా ఇన్వెస్టర్లు అడుగుతారని హైదరాబాద్‌లో స్టార్టప్ పెట్టేవాళ్లు కూడా డెలావేర్‌లో రిజిస్టర్ చేయిస్తుంటారు. కోటి షేర్లతో మొదలుపెట్టిన వాళ్లకు మొదటి ఏడాది ఫ్రాంచైజ్ టాక్స్ (అక్కడ రిజిస్టరైనందుకు ఏటా కట్టే పన్ను) నోటీసు 85,165 డాలర్లకు వచ్చి గుండె ఆగినంత పనవుతుంది. అది షేర్ల సంఖ్యను బట్టి వేసిన లెక్క. ఆస్తులను బట్టి రెండో పద్ధతిలో వేసుకుంటే చిన్న కంపెనీకి 400 డాలర్లతో సరిపోతుంది. ఏటా మార్చి 1 గడువు.

1981లో బ్యాంకులకు కూడా ఇదే మంత్రం వేశారు. వడ్డీ మీద పరిమితి ఎత్తేస్తే న్యూయార్క్ బ్యాంకుల క్రెడిట్ కార్డు విభాగాలు విల్మింగ్టన్‌లో దిగాయి.

అందుకే మస్క్ మాటకు అక్కడ అంత టెన్షన్ పుట్టింది. డ్రాప్‌బాక్స్ నెవాడాకి వెళ్లిపోయింది. టెక్సాస్ 2024 సెప్టెంబర్‌లో వ్యాపార తగాదాల కోసం సొంత కోర్టులు తెరిచింది. కంపెనీ చట్టంలో ఏ మార్పైనా మామూలుగా డెలావేర్ లాయర్ల సంఘమే రాసి పంపుతుంది. ఈసారి ఆ పద్ధతిని పక్కనపెట్టి రాష్ట్ర చట్టసభలో సెనేట్ బిల్లు 21 తెచ్చారు. 2025 మార్చి 25న గవర్నర్ మ్యాట్ మేయర్ సంతకం చేశాడు. పెత్తనం చేతిలో ఉన్న వాటాదారు సొంత కంపెనీతో చేసుకునే ఒప్పందాలను కోర్టులో సవాలు చేయడం ఇప్పుడు కష్టం. కంపెనీ లోపలి కాగితాలు చూపించమని చిన్న వాటాదారు అడిగే హక్కునూ కుదించారు.