చర్మం దాటేది ఎంత?

ఒంటికి రాసుకున్న ప్రతిదానిలో 60 శాతం రక్తంలో కలిసిపోతుందనే మాట చాలాకాలంగా ప్రచారంలో ఉంది. అదీ 26 సెకన్లలోనే అని మరో ముక్క జోడించేవారూ ఉన్నారు. దీనికి సరిగ్గా ఎదురుగా, చర్మం అభేద్యమైన కవచమని, పైన రాసినది పైనే ఉండిపోతుందని భరోసా ఇచ్చేవారున్నారు. రెండు మాటలూ తప్పే. మొదటిది నిజమైతే మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ కోసం సూది పొడుచుకోవలసిన పనే లేదు, చేతికి రుద్దుకుంటే సరిపోతుంది. రెండోది నిజమైతే సిగరెట్ మానాలనుకునేవారు భుజానికి అంటించుకునే నికోటిన్ పట్టీ పనిచేయకూడదు. కొన్ని పదార్థాలు చర్మాన్ని దాటతాయి, కొన్ని దాటవు. దాటేవాటిలోనూ ఎంత దాటుతుందన్నది సందర్భాన్ని బట్టి పదుల, వందల రెట్లు మారుతుంది. ఇది ఊహించి చెప్పగలిగేది కాదు, కొలిచి తేల్చవలసినది.

లోపలికి వెళ్లే రసాయనాన్ని అడ్డుకునే పని దాదాపు అంతా చర్మపు పైపొరదే. దాని పేరు స్ట్రాటం కార్నియం. అరచేతులు, అరికాళ్లు తప్పిస్తే దాని మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లే. అందులో ఉన్నవన్నీ కెరటిన్‌తో నిండిన మృతకణాలు. వాటి మధ్య సందుల్లో సెరామైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు పొరలు పొరలుగా పేరుకుని ఉంటాయి. శాస్త్రవేత్తలు దీన్ని సున్నం పెట్టి కట్టిన ఇటుక గోడతో పోలుస్తారు. రసాయనాలు ఎక్కువగా ఇటుకలను వదిలి, సున్నం వెంట మెలికలు తిరుగుతూ లోపలికి దిగుతాయి. ఆ సున్నం కొవ్వుతో చేసినది కాబట్టి నీటిలో మాత్రమే కరిగేవి పైనే ఆగిపోతాయి. కొవ్వులో మాత్రమే కరిగేవి అందులోకి సులువుగా దిగినా, కింద ఉన్న తడి కణజాలంలోకి వెళ్లలేక అక్కడే చిక్కుకుంటాయి. రెండింటిలోనూ ఎంతోకొంత కరిగే చిన్న అణువులకే దారి సులువు. నికోటిన్ సరిగ్గా ఆ కోవకు చెందినది.

అణువు పరిమాణం కూడా ముఖ్యమే. అణుభారం 500 డాల్టన్లు (అణువుల బరువును కొలిచే ప్రమాణం) దాటితే ఆరోగ్యకరమైన చర్మంలోకి చొరబడటం చాలా కష్టమని 2000లో బాస్, మైనార్డీ అనే పరిశోధకులు ఒక సూత్రం చెప్పారు. ఇన్సులిన్ అణుభారం సుమారు 5,800. అంతకుముందు 1992లో పాట్స్, గై అనే ఇద్దరు ఒక సమీకరణం ఇచ్చారు. అణుభారం, కొవ్వులో కరిగే గుణం అనే రెండు అంకెలు చాలు, చర్మం గుండా ఆ పదార్థం ఎంత వేగంగా వెళుతుందో అంచనా దొరుకుతుంది. అంత సరళమైన సమీకరణం ఈనాటికీ వాడుకలో ఉందంటే దాని గొప్పతనం అర్థమవుతుంది. అయితే అది నీటిలో కరిగి ఉన్న పదార్థం గురించి చెప్పే సమీకరణం. మనం వాడేవి క్రీములు, జెల్లులు, స్ప్రేలు. వాటిలోని ఆల్కహాల్, నూనెలు, ప్రొపిలీన్ గ్లైకాల్ వంటివి ఆ కొవ్వు పొరల అమరికనే సడలించగలవు. అందువల్ల లెక్కతో ఆగకుండా ప్రయోగశాలకు వెళ్లక తప్పదు.

అక్కడ కనిపించే ప్రధాన పరికరం ఫ్రాంజ్ సెల్. థామస్ ఫ్రాంజ్ అనే చర్మ పరిశోధకుడు 1975లో ప్రచురించిన పత్రంతో ఇది ప్రాచుర్యంలోకి వచ్చింది. చూడటానికి చిన్న గాజు పాత్ర. దాని కింది గదిలో రక్తానికి బదులుగా ఒక ద్రవం ఉంటుంది. ఆ గది మూతి మీద మనిషి చర్మపు ముక్కను పరిచి, పైన మరో గాజు భాగాన్ని బిగిస్తారు. చర్మం ఎక్కువగా పొట్ట, రొమ్ము శస్త్రచికిత్సల్లో తీసివేసినదే, దాతల అనుమతితో ప్రయోగశాలకు చేరుతుంది. దాన్ని డెర్మటోమ్ అనే పరికరంతో అర మిల్లీమీటరు కన్నా పలుచగా కోస్తారు. మనిషి చర్మం దొరకనప్పుడు పంది చర్మం వాడతారు, అది మన చర్మానికి చాలా దగ్గరగా ప్రవర్తిస్తుంది. ఎలుక చర్మం మాత్రం మన చర్మం కన్నా ఎక్కువగా పీలుస్తుంది. ఆ ఫలితాలను మనకు నేరుగా అన్వయిస్తే అంచనా పెరిగిపోతుంది.

చర్మం ఉష్ణోగ్రతను 32 డిగ్రీల దగ్గర నిలిపి, పైన మనుషులు నిజంగా రాసుకునేంత పలుచగా ఉత్పత్తిని పూస్తారు. చదరపు సెంటీమీటరుకు కొన్ని మిల్లీగ్రాములే. సాధారణంగా 24 గంటల పాటు కింది ద్రవం నుంచి మధ్యమధ్యలో నమూనాలు తీసి, రసాయనం ఎంత చేరిందో చూస్తారు. కడిగేసే ఉత్పత్తి అయితే, జనం ఎంతసేపటికి కడుగుతారో అంతసేపటికే కడిగేస్తారు. చివర్లో అసలైన చాకిరీ మొదలవుతుంది. కడిగిన నీటిలో ఎంత ఉంది? అంటుకునే టేపుతో పైపొరను ఒక్కొక్క వరుసగా ఊడదీస్తే ఆ టేపులలో ఎంత ఉంది? మిగిలిన చర్మంలో ఎంత, కింది ద్రవంలో ఎంత? పైన వేసినదంతా ఈ ఖాతాల్లో ఎక్కడో ఒకచోట తేలాలి. మొత్తం కూడితే వేసిన మోతాదులో 90 నుంచి 110 శాతం మధ్య రావాలన్నది ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) మార్గదర్శకాల లక్ష్యం. రాకపోతే ఆవిరైందా, గాజుకు అంటుకుందా అన్నది వెతకాలి. ఈ కూడిక సరిపోయిన పరీక్షను మాత్రమే నేను నమ్ముతాను. కింది ద్రవంలో కనిపించలేదని చెప్పి, మిగతా ఖాతాలు చూపని ఫలితం దేనికీ పనికిరాదు.

ఇక్కడ ఒక నిజమైన చిక్కు ఉంది. చర్మంలోనే ఉండిపోయిన రసాయనాన్ని లోపలికి వెళ్లినట్టు లెక్కించాలా, వద్దా? మృతకణాల పొర రెండు వారాలకో, అంతకు కాస్త అటూ ఇటుగానో పూర్తిగా రాలిపోయి కొత్తది వస్తుంది కాబట్టి, అందులో చిక్కుకున్నది దానితో పాటే పోవచ్చు. ఆ లోగా మెల్లగా కిందికి జారవచ్చు కూడా. ఐరోపాలో సౌందర్య సాధనాల భద్రతను సమీక్షించే శాస్త్రీయ కమిటీ, జీవకణాలున్న లోపలి పొరల్లో దొరికినదాన్ని సాధారణంగా శరీరంలోకి వెళ్లినట్టే లెక్కిస్తుంది. సరైన పరీక్ష వివరాలు ఇవ్వకపోతే 50 శాతం లోపలికి పోయినట్టు భావించి లెక్క కడుతుంది. కొలిచి చూపించలేనివారికి అనుమానపు లాభం దక్కకపోవడం సరైన పద్ధతి.

ఇంత కష్టపడి తెచ్చిన అంకెను శాతంగా మార్చి చెప్పగానే సగం అర్థం పోతుంది. చర్మం గుండా ఒక పదార్థం గంటకు ఇంత అనే గరిష్ఠ వేగంతో వెళుతుందనుకోండి. 100 మైక్రోగ్రాములు పూసినప్పుడు 10 మైక్రోగ్రాములు దాటితే అది 10 శాతం. అదే చోట 1,000 మైక్రోగ్రాములు పూసినా దాటేది 10 మైక్రోగ్రాములే అయితే, ఇప్పుడది 1 శాతం. శరీరంలోకి వెళ్లినది మాత్రం రెండుసార్లూ ఒకటే. ఎక్కువ పూసి శాతం తగ్గించి చూపడం ఇంత తేలిక. అందుకే పురుగుమందుల విషయంలో చిక్కటి ద్రావణాన్ని, పొలంలో చల్లే పలుచటి ద్రావణాన్ని విడివిడిగా పరీక్షించమంటారు. సాధారణంగా పలుచటి దానిలోనే శాతం ఎక్కువగా వస్తుంది.

శరీరంలో ఎక్కడ రాస్తున్నామన్నదీ అంతే ముఖ్యం. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు రేడియోధార్మిక కార్బన్-14తో గుర్తుపెట్టిన హైడ్రోకార్టిసోన్‌ను మనుషుల శరీరంలో వేర్వేరు చోట్ల పూసి, మూత్రంలో ఎంత వచ్చిందో కొలిచారు. ముంజేయి లోపలివైపు పీల్చుకున్నదాన్ని 1 అనుకుంటే, అరికాలు 0.14, మాడు 3.5, నుదురు 6, దవడ అంచు 13, వృషణాల మీది చర్మం 42. ఒకే మనిషి, ఒకే మందు, తేడా వందల రెట్లు. పొట్ట మీది చర్మంతో తీసిన అంకెను ముఖానికి రాసే క్రీముకు అన్వయించేటప్పుడు ఈ పట్టికను పక్కన పెట్టుకోవాలి.

దాటుతూ ఉండగానే కొన్ని రసాయనాలు మారిపోతాయి కూడా. మృతకణాల కింద ఉన్న చర్మం సజీవమైనది, దానిలో ఎంజైములున్నాయి. క్రీములు పాడవకుండా కలిపే పారాబెన్లను అవి చాలావరకు విడగొడతాయి. జుట్టు రంగులో వాడే పారా-ఫినిలీన్‌డైఅమైన్‌కు ఎసిటైల్ సమూహాన్ని తగిలించి మరో పదార్థంగా మారుస్తాయి. గడ్డకట్టించి నిల్వ చేసిన చర్మంలో ఈ చురుకుదనం నమ్మదగినంతగా మిగలదు. రక్తంలోకి చేరేది అసలు రసాయనమా, దాని మారు రూపమా అన్నది తేల్చాలంటే తాజా చర్మం కావాలి.

గాజు పాత్ర ఎంత నమ్మకమైనదైనా, చివరికి మనిషిలో ఏం జరుగుతుందో చూడాలి. 2019లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పరిశోధకులు 24 మంది ఆరోగ్యవంతులకు నాలుగు రకాల సన్‌స్క్రీన్‌లు రాయించారు. శరీరంలో 75 శాతం మేర, చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకు నాలుగుసార్లు, నాలుగు రోజులు. పరీక్షించిన నాలుగు సూర్యరశ్మి వడపోత రసాయనాలూ రక్తంలో మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాముల గీతను దాటాయి. ఆక్సీబెంజోన్ అయితే ఆ గీత కన్నా వందల రెట్లు పైన కనిపించింది. ఈ వార్త చాలామందిని భయపెట్టింది. అయితే ఆ గీత ప్రమాదం మొదలయ్యే చోటు కాదు. దాని కన్నా తక్కువైతే కొన్ని విష పరీక్షలను మినహాయించవచ్చనీ, ఎక్కువైతే ఆ పరీక్షలు చేసి చూపాలనీ దాని అర్థం. సన్‌స్క్రీన్ మానేయమని ఆ పరిశోధకులు చెప్పలేదు. ఇలాంటి కొలతలు నిబంధనలుగా ఎలా మారతాయో ఐరోపాలో చూడవచ్చు. అక్కడి కమిటీ 2021లో ఇచ్చిన అభిప్రాయం తర్వాత ముఖానికి, చేతులకు, పెదవులకు రాసే క్రీముల్లో ఆక్సీబెంజోన్‌ను 6 శాతం వరకు, ఒళ్లంతా రాసుకునేవాటిలో 2.2 శాతం వరకే అనుమతించారు. రసాయనం ఒకటే, పూసే విస్తీర్ణం మారితే పరిమితి మారింది.

రక్తంలో దొరికిన పదార్థం క్రీము నుంచే వచ్చిందని ఎలా తెలుస్తుంది? కొన్ని సన్‌స్క్రీన్‌లలో వాడే జింక్ మనం తినే ఆహారంలోనూ ఉంటుంది, రక్తంలోనూ ఉంటుంది. 2010లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధనలో, ప్రకృతిలో తక్కువగా ఉండే జింక్-68 ఐసోటోపుతో (బరువులో తేడా ఉన్న జింక్ రూపంతో) తయారు చేసిన సన్‌స్క్రీన్‌ను సముద్ర తీరంలో ఎండకు తిరిగే మనుషులకు రాసి చూశారు. రక్తంలో, మూత్రంలో ఆ గుర్తు చాలా కొద్దిగా కనిపించింది. అది నానో రేణువుగా వెళ్లిందా, కరిగి అయానుగా వెళ్లిందా అన్నది ఆ పద్ధతి చెప్పలేదు. ప్రశ్నకు తగిన గుర్తును ఎంచుకోవడంలో ఉన్న ఆ నేర్పు నాకు ఎంతో ఇష్టం.

రాసుకోకపోయినా రసాయనాలు చర్మంలోకి చేరతాయి. డెన్మార్క్‌లో ఆరుగురు పురుషులను, గాలిలో థాలేట్లు (ప్లాస్టిక్‌లలో, పరిమళాల్లో వాడే రసాయనాలు) ఎక్కువగా ఉంచిన గదిలో ఆరు గంటలు కూర్చోబెట్టారు. ఒంటి మీద నిక్కరు మాత్రమే. ఒక విడతలో తలకు తొడుగు పెట్టి, బయటి నుంచి శుభ్రమైన గాలి పీల్చేలా చేశారు. అప్పుడు మూత్రంలో కనిపించినది చర్మం గుండా వెళ్లినదే కావాలి. అది ఊపిరి ద్వారా వెళ్లినదానికి దాదాపు సమానంగా తేలింది. ఆ తర్వాత ఒక్క వ్యక్తితో చేసిన ప్రయోగంలో, ఉతికిన బట్టలు రక్షణ ఇచ్చాయి. అదే గాలిలో చాలా రోజులు వేలాడిన బట్టలు మాత్రం ఒట్టి చర్మం కన్నా ఎక్కువ రసాయనాన్ని లోపలికి చేర్చాయి.

ఒక పరీక్షకు ఒక రసాయనం, ఒక ఉత్పత్తి అన్నది ప్రయోగశాల పద్ధతి. జీవితం అలా ఉండదు. చేతులకు శానిటైజర్ రాసుకుని వెంటనే థర్మల్ కాగితపు రశీదును పట్టుకుంటే, ఆ కాగితం పూతలో ఉండే బిస్ఫినాల్-ఏ అనే రసాయనం శరీరంలోకి చేరడం బాగా పెరుగుతుందని 2014లో ఒక అధ్యయనం చూపింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే విషయం మరొకటి ఉంది. ఫ్రాంజ్ సెల్ మీద పెట్టే ముందు ప్రతి చర్మపు ముక్కనూ పరీక్షిస్తారు. విద్యుత్ నిరోధం తక్కువగా ఉన్నా, నీరు ఎక్కువగా కారినా ఆ ముక్కను పారేస్తారు. కొలత నిలకడగా రావాలంటే అది అవసరమే. కానీ ఎగ్జిమా ఉన్నవారు, ఎండకు కమిలినవారు, డయాపర్ ఒరుసుకుని ఎర్రబడిన పసిపిల్లలు ఉత్పత్తులను రాసుకునేది సరిగ్గా అలాంటి చర్మం మీదే. పసిపిల్లల్లో బరువుకు తగిన చర్మ విస్తీర్ణం పెద్దవారితో పోలిస్తే రెండు రెట్లకు పైనే ఉంటుంది. డయాపర్ కింద తడి, వేడి బయటికి పోవు, అది పీల్చుకోవడాన్ని ఇంకా పెంచుతుంది. 1972లో ఫ్రాన్స్‌లో ఒక టాల్కం పౌడరులో పొరపాటున 6 శాతానికి పైగా హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమినాశని కలిసింది. 204 మంది పిల్లలు జబ్బుపడ్డారు. వారి చర్మం మీద పుండ్లు పడ్డాయి, మెదడు దెబ్బతింది. 36 మంది చనిపోయారు. తప్పు కర్మాగారంలో జరిగింది, నిజమే. అయితే ఆ తప్పు ప్రాణాల దాకా వెళ్లింది పసి చర్మం గుండానే. ఈనాడు పిల్లల కోసమని అమ్మే ప్రతి పూత మందుకూ, పౌడరుకూ, క్రీముకూ దెబ్బతిన్న చర్మం మీద తీసిన కొలతలు కూడా తయారీదారుల నుంచి అడగాలి. టేపుతో పైపొర తీసేసిన చర్మం మీద అదే పరికరంతో, అదే పద్ధతితో ఆ కొలత తీయవచ్చు.