తిరుపతి బాడుగల వెనకున్న కథ

నెల్లూరులో పనిచేసే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి మూల వేతనంలో 20 శాతం ఇంటి అద్దె భత్యం వస్తుంది. అదే మనిషి తిరుపతికి బదిలీ అయితే 10 శాతమే. అంటే తిరుపతిలో బాడుగలు నెల్లూరులో సగమేనా? అనుమానం ఉంటే ఎయిర్ బైపాస్ రోడ్డులో ఏదో ఒక టు-లెట్ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేసి చూడండి.

ఈ తేడా 2011 జనగణన నుంచి వచ్చింది. ఐదు లక్షల జనాభా దాటితే ‘వై’ తరగతి నగరం, దాటకపోతే ‘జెడ్’. నెల్లూరు దాటింది. తిరుపతి నగరంలో అప్పుడు సుమారు 2.87 లక్షల మంది ఉన్నారు. చుట్టుపక్కల పంచాయతీలను కలుపుకున్నా లెక్క సుమారు 4.6 లక్షల దగ్గరే ఆగిపోయింది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. అందుకే రైల్వేలోనో, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలోనో పనిచేసేవాళ్ళకు ఇప్పటికీ పదిహేనేళ్ళ కిందటి తిరుపతి లెక్కనే భత్యం వస్తోంది. బాడుగ మాత్రం ఈ నెలది కట్టాలి.

జనగణన కాపురమున్నవాళ్ళనే లెక్కపెడుతుంది. తిరుపతి ధరలు అలా కాదు. కొండ మీద దర్శనానికి రోజుకు అరవై, డెబ్బై వేల మంది వస్తారు. వాళ్ళలో చాలామంది రైలో బస్సో దిగి ఈ ఊళ్ళోనే టిఫిన్ తిని, ఆటో ఎక్కి, ఎక్కడో ఒకచోట ఒక రాత్రి పడుకుంటారు. వాళ్ళెవరూ జనాభా లెక్కలో లేరు. కానీ పూలు, పాలు, అరటిపండ్లు, ఆటో చార్జీ, చివరికి మన ఇంటి బాడుగ కూడా వాళ్ళ రాకపోకలను బట్టే నడుస్తాయి. బ్రహ్మోత్సవాల్లోనూ, వైకుంఠ ఏకాదశికీ స్టేషన్ దగ్గర ఆటో అడిగిన స్థానికుడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ‘ఊరోళ్ళమే అన్నా’ అని ముందే చెప్పుకోవడం ఇక్కడ మనకు అలవాటైపోయింది.

ఇది కొత్తగా వచ్చిన పరిస్థితి కాదు. ఊరు పుట్టిందే గుడి కోసం. 1130లో రామానుజులు గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఊరు కట్టించారని చెప్తారు. ఈమధ్య ఏళ్ళలో ఫిబ్రవరి 24న ఊరి పుట్టినరోజు కూడా చేశారు. గుడి చుట్టూ మాడ వీధులు, వాటిలో గుడి కొలువు చేసేవాళ్ళ ఇళ్ళు, ఆ తర్వాత అంగళ్ళు వచ్చాయి. 1886లో మునిసిపాలిటీ ఏర్పడింది. 1891లో రైలు వచ్చింది. రైలు దిగిన భక్తుడు నడిచి కొండెక్కాలి, లేదంటే డోలీలో వెళ్ళాలి. కాబట్టి రాత్రికి కిందే ఆగేవాడు. స్టేషన్ చుట్టూ సత్రాలు, చౌల్ట్రీలు లేచాయి. ఇప్పటికీ ఆటోవాళ్ళ నోట ‘రెండో చౌల్ట్రీ’, ‘మూడో చౌల్ట్రీ’ అనే మాటలు వినిపిస్తాయి.

1944లో మొదటి ఘాట్ రోడ్డు పడింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య రూపకల్పన అది. 1974లో రెండోది వచ్చింది. కొండెక్కడం సులువైంది కాబట్టి కిందున్న ఊరికి గిరాకీ తగ్గాలి. జరిగింది దానికి తలకిందులు. ఎక్కడం సులువైనకొద్దీ వచ్చేవాళ్ళు పెరిగారు, కొండ మీద గదులు చాలలేదు. మిగిలినవాళ్ళంతా కిందికే రావాలి కదా. స్టేషన్, బస్టాండు చుట్టూ కుటుంబాలుండే మిద్దెలు ఒక్కొక్కటిగా లాడ్జీలయ్యాయి. నెల బాడుగ కన్నా రోజు బాడుగే లాభమని తేలాక ఇంటి యజమానిని తప్పుపట్టి ఏం లాభం? చిన్నప్పుడు మేమున్న వీధిలో ఇప్పుడు కాపురాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు.

ఇక భూమి సంగతి. తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు గోడ కట్టినట్టుంటాయి, అటు ఊరు పెరగదు. మిగతా దిక్కుల్లో ఎటు చూసినా ఏదో ఒక సంస్థ స్థలమే. దీనికీ పాత చరిత్ర ఉంది. 1843లో ఈస్ట్ ఇండియా కంపెనీ గుడి పాలనను హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో పెట్టింది. 1933 దాకా తొంభై ఏళ్ళు వాళ్ళే చూశారు. ఆ తర్వాత పాలన దేవస్థానం కమిటీకి పోయింది గానీ, మఠానికున్న భూములు మఠానివిగానే ఉండిపోయాయి. అవిలాల, పేరూరు వైపు స్థలం కొనబోయేవాడు రేటు కన్నా ముందు అడిగే ప్రశ్న ‘పట్టానా, మఠం భూమా?’ అనే. రిజిస్ట్రేషన్‌కు వీల్లేని 22-ఎ జాబితా గురించి ఇక్కడ టీ బంకుల్లో కూడా వకీళ్ళలా మాట్లాడతారు. చిక్కులేని స్థలం తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. కాబట్టి చిక్కులేని అంకణం (ఇక్కడ స్థలాన్ని కొలిచే లెక్క) ధర ఎప్పుడూ కొండ వైపే చూస్తూ ఉంటుంది.

ఇంత ఖరీదైతే జనం ఇంకా ఎందుకొస్తున్నారు? ఇక్కడ దేవస్థానం గురించి ఒక మంచి మాట చెప్పాలి. బాడుగకు పోయిన డబ్బు మరో దారిలో కొంత మిగలడం ఈ ఊళ్ళోనే ఎక్కువగా చూస్తాం. గుడి ఆదాయం 1933 తర్వాత చదువులకు మళ్ళింది. 1945లో ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ, 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాయి. 1960లో మెడికల్ కాలేజీ, ఆ వెనకే రుయా ఆసుపత్రి. 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1993లో స్విమ్స్. వీటికి తోడు 2015లో కేంద్ర విద్యాసంస్థలు ఐఐటీ, ఐసర్ రెండూ వచ్చాయి. రాయలసీమ పల్లె నుంచి వచ్చిన పిల్ల డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా ఊరు మారకుండా, పెద్దగా ఫీజులు కట్టకుండా చదువుకోగలదు. ఎముకలు విరిగితే బర్డ్‌కు వెళ్ళొచ్చు, గుండెకు, కిడ్నీకి స్విమ్స్ ఉంది. మద్రాసుకో వేలూరుకో పరుగెత్తే అవసరం చాలామందికి తప్పింది. రిటైరైనవాళ్ళు ఇక్కడ ఇల్లు కొనుక్కోవడానికి భక్తి ఒక కారణమైతే ఆసుపత్రులు ఇంకో కారణం. చాలామంది మొదటిది మాత్రమే బయటికి చెప్తారు.

అయితే ఆ చదువులే బాడుగలను పెంచాయి కూడా. బాలాజీ కాలనీ, భవానీ నగర్‌లలో ఒక కుటుంబం ఉండే రెండు గదుల్లో నలుగురు విద్యార్థులు ఉంటే తలా కొంత వేసుకుంటారు. ఒక్క జీతంతో నడిచే ఇల్లు ఆ నలుగురితో పోటీ పడలేదు.

అలా పోటీలో ఓడినవాళ్ళు వెళ్ళిన చోటే ఇవాళ్టి శివారు తిరుపతి. 1981లో పట్టణాభివృద్ధి సంస్థ ‘తుడా’ ఏర్పడేనాటికి ఊరి జనాభా లక్ష దాటింది. అటు చంద్రగిరి దారిలో, ఇటు తిరుచానూరు, రేణిగుంట, కరకంబాడి దారుల్లో పొలాలు లేఅవుట్లుగా మారాయి. కరకంబాడిలో 1985 నుంచి అమరరాజా, తర్వాత రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు రావడంతో ఆ వైపు ఇంకా ఊపందుకుంది. 2007లో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయ్యింది. కానీ ఊరు అప్పటికే కార్పొరేషన్ హద్దు గీత దాటేసింది. మండలం పేరు ‘తిరుపతి రూరల్’. అందులో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు, సూపర్ మార్కెట్లు, పేరుకు పంచాయతీ. ఇంటి పన్ను తక్కువ, ఫ్లాటు ధర నగరంలో కన్నా తక్కువ. మధ్యతరగతి లెక్క వేసుకుని అక్కడికే వెళ్ళింది.

తక్కువ ధర వెనక ఏముందో వెళ్ళాక తెలుస్తుంది. ముందు నీళ్ళు. నగరానికి 1977లో పూర్తయిన కల్యాణి డ్యాం ఉంది, అది ఎండినప్పుడు ఆదుకోవడానికి తెలుగు గంగ ఉంది. 1983లో మద్రాసు కోసం ఒప్పందం కుదిరిన కాలువ మన దాహం కూడా తీరుస్తుందని అప్పట్లో ఎంతమంది అనుకున్నారో! శివారు పంచాయతీల్లో అపార్ట్‌మెంట్లు ఎక్కువగా బోర్ల మీదే బతుకుతాయి. ఎండాకాలం బోరు తగ్గితే ట్యాంకరు. ఫ్లాటు కొన్నప్పుడు మిగిలిన డబ్బు కొంచెంకొంచెంగా మెయింటెనెన్స్ పుస్తకంలోకి జారుతూ ఉంటుంది. భూగర్భ డ్రైనేజీ లేనిచోట సెప్టిక్ ట్యాంకు ఖర్చు, సరైన బస్సు లేనిచోట ఇంటికి రెండు బండ్లు, వాటి పెట్రోలు. బాడుగ తగ్గిందని మురిసిపోయేవాళ్ళెవరూ ఈ మూడూ కలిపి చూసుకోరు. మేమూ చూసుకోలేదు.

రెండోది వాన. ఈ ఊరి పేట పేర్లు ఒకసారి వరసగా చదవండి: తాతయ్యగుంట, కొర్లగుంట, కొంకా చెన్నయ్యగుంట, తుమ్మలగుంట. గుంట అంటే నీళ్ళు నిలిచే చోటు. కొండ మీద పడ్డ వాన కపిలతీర్థం దగ్గర దూకి, ఈ గుంటలూ చెరువులూ నింపుకుంటూ స్వర్ణముఖికి పోయేది. గంగమ్మ జాతర ఇప్పటికీ తాతయ్యగుంటలోనే ఘనంగా జరుగుతుంది గానీ, ఆ పేరులోని గుంట కోసం వెతికితే ఇళ్ళే కనిపిస్తాయి. 2021 నవంబరులో కుండపోత వాన కురిసినప్పుడు నీళ్ళు తమ పాత దారులు గుర్తుపట్టాయి. నగరంలో లోతట్టు కాలనీలు మునిగాయి, ఘాట్ రోడ్లు మూసేశారు. శివారు పల్లెల్లో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. తుడా అప్రూవల్ ఉందా అని అడిగి స్థలం కొన్నవాళ్ళు ఆ ఏడాది నుంచి ‘2021లో ఇక్కడ నీళ్ళొచ్చాయా?’ అని కూడా అడగడం మొదలుపెట్టారు.

ఇదే తిరుపతికి 2018లో కేంద్రం ప్రకటించిన సులభ జీవన సూచీలో 111 నగరాల్లో నాలుగో స్థానం వచ్చింది. పుణె, నవీ ముంబయి, ముంబయి తర్వాత మనమే. చాలామంది నవ్వారు, నేను నవ్వలేదు. కార్పొరేషన్ గీత లోపల చెత్త తీసే పద్ధతి, నీళ్ళు, ఆసుపత్రులు, చదువులు చూస్తే ఆ ర్యాంకు మరీ దయతో ఇచ్చింది కాదు. కాకపోతే అది గీత లోపలి ఊరి ర్యాంకు. 2016లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరాక వచ్చిన డబ్బు కూడా గీత లోపలే ఖర్చయింది. 2023లో పూర్తయిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మీద భక్తుల వాహనాలు ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా అలిపిరి వైపు సాగిపోతున్నాయి. దాని ఖర్చులో పెద్ద వాటా దేవస్థానానిదే. కింద సర్వీసు రోడ్డులో స్థానికులం.

ఇప్పుడు చుట్టుపక్కల పంచాయతీలను నగరంలో కలిపి గ్రేటర్ తిరుపతి చేయాలనే మాట నలుగుతోంది. కలిస్తే పన్ను మారుతుంది. రాష్ట్రంలో 2021 నుంచి పట్టణ ఇంటి పన్నును అద్దె విలువ మీద కాక ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదన్న పరిమితి ఉంది, నిజమే. కానీ పంచాయతీ పన్ను కట్టే అలవాటున్న ఇంటికి ఆ మెట్టు ఎత్తుగానే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్ మీటింగులో దీని మీద రెండు గంటలు వాదన జరిగింది. కింది అంతస్తువాళ్ళు కలవొద్దన్నారు. పై అంతస్తువాళ్ళు, వేసవిలో కుళాయిలు ముందుగా ఎండేది వాళ్ళకే కాబట్టి, కలవాలన్నారు. ‘పన్నెంతైనా కడతాం, పైపులో నీళ్ళు ఎప్పుడొస్తాయో తేదీ చెప్పమనండి’ అన్నది నాలుగో అంతస్తులో ఉండే టీచరమ్మ. మినిట్స్ పుస్తకంలో ఆ మాట రాశారు. తేదీ కోసం వదిలిన గడి ఇంకా ఖాళీగానే ఉంది.