నల్ల సీసాలో ఓక్ పాచి

మనిషి గదిలోకి రాకముందే అతని సెంటు వచ్చేసే రోజులు 1980వ దశకంలో ఉండేవి. ఆ తరం ఘాటును ఒకే ఒక్క పరిమళంలో చూపించమంటే నేను డ్రాకార్ నువార్‌నే ఎంచుకుంటాను. గీ లరోష్ సంస్థ కోసం పియేర్ వార్నియే కూర్చగా 1982లో మెరుపు లేని నల్ల సీసాలో విడుదలైన ఈ పరిమళం, ఇనుమంత చల్లని నిమ్మ వాసనతో మొదలై, లావెండర్ మీదుగా ఎండుగడ్డిలోకీ తడిసిన చెట్టు బెరడులోకీ దిగుతుంది.

ఈ నడకకు మూలం 1882 నాటిది. ఆ ఏడాది హుబిగాన్ సంస్థకు పాల్ పార్కే రూపొందించిన ఫుజేర్ రాయల్‌లో లావెండర్, ఎండుగడ్డి తీపి వాసననిచ్చే కొమారిన్, ఓక్ పాచి కలిశాయి. దక్షిణ అమెరికాలో పెరిగే టోంకా గింజల్లో దొరికే కొమారిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసే మార్గాన్ని విలియం హెన్రీ పెర్కిన్ 1868లోనే కనుగొన్నారు. పద్దెనిమిదేళ్ల వయసులో తొలి కృత్రిమ అద్దకపు రంగును తీసిన రసాయనవేత్త ఈయనే. మగవారి పరిమళాల్లో నేటికీ ప్రధానమైన ఫుజేర్ కుటుంబం అలా మొదలైంది.

బరువైన అణువులు నెమ్మదిగా, తేలికైనవి త్వరగా ఆవిరవుతాయని తరచుగా చెబుతుంటారు. అది సగం నిజం మాత్రమే. లావెండర్‌లోని లినలూల్ అణుభారం 154 కాగా కొమారిన్‌ది 146. అంటే కొమారిన్ కాస్త తేలిక. అయినా లినలూల్ సుమారు 198 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగితే, కొమారిన్ 300 డిగ్రీలు దాటితే గాని మరగదు. రెండు వలయాలు అతుక్కుని పలకలా చదునుగా ఉండే కొమారిన్ అణువులో విద్యుదావేశం ఒక వైపుకు గట్టిగా ఒరిగి ఉంటుంది కనుక, ఆ అణువులు ఒకదాన్నొకటి బలంగా పట్టుకుని గది ఉష్ణోగ్రతలో స్ఫటికాలుగా నిలుస్తాయి. మణికట్టు మీద లావెండర్ వెళ్లిపోయాక కూడా ఎండుగడ్డి తీపి మిగలడానికి కారణం ఇదే.

వార్నియే ఈ పాత చట్రంలోకి డైహైడ్రోమిర్సెనాల్‌ను తెచ్చారు. టర్పెంటైన్‌లోని పైనీన్ నుంచి తయారయ్యే ఈ పదార్థం సబ్బుల్లోనూ బట్టల డిటర్జెంట్లలోనూ చెక్కుచెదరదు కాబట్టి అంతకుముందు ఎక్కువగా ఆ సరుకులకే వాడేవారు. దాన్ని మిశ్రమంలో దాదాపు పదో వంతు వేయడం నిజమైన సాహసం. ఉతికిన బట్టల శుభ్రతను, అడవి నేల చీకటిని ఒకే సీసాలో ఎదురెదురుగా నిలబెట్టడంలోనే ఈ పరిమళం వ్యక్తిత్వమంతా ఉందని నా అభిప్రాయం.

ఆ చీకటిని ఇచ్చేది ఓక్ పాచి. పేరుకు పాచి అయినా, ఇది శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే లైకెన్. శాస్త్రీయ నామం ఎవర్నియా ప్రునాస్ట్రి. మన బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఇదే కుటుంబానికి చెందిన లైకెన్ కావడం గమనించదగ్గది. బాల్కన్ అడవుల్లో ఓక్ కొమ్మల నుంచి ఏరిన ఓక్ పాచిని ద్రావణుల్లో నానబెట్టి ముదురు ఆకుపచ్చని జిగురు ముద్దగా తీస్తారు. దాని వాసనలో తడి బెరడు, సిరా, కొంచెం సముద్రం కలగలిసి ఉంటాయి. చిక్కంతా ఆ ముద్దలో ఉండే అట్రనాల్, క్లోరోఅట్రనాల్ అనే పదార్థాలతోనే. ఇవి అతి కొద్ది మోతాదులోనే కొందరి చర్మానికి అలర్జీ కలిగిస్తాయి. అందువల్ల యూరోపియన్ యూనియన్ 2017లో వీటిపై నిషేధం ప్రకటించి, 2021 ఆగస్టు నాటికి పూర్తిగా అమలుచేసింది. ఇప్పుడు ఆ రెండింటినీ తొలగించిన సారాన్ని, లేదా ఓక్ పాచి వాసననిచ్చే ఎవర్నిల్ వంటి కృత్రిమ అణువును వాడుతున్నారు. చర్మానికి ఇది మేలే, నిషేధం న్యాయమైనదే; కానీ ఎవర్నిల్ ఒక్కటే ఉన్నచోట పాత ముద్దలోని సిరా చేదు, ఉప్పదనం పలచబడతాయి. పాత వాసనను పాత సూత్రంతోనే చూడదలచినవారికి ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో 1990లో ఏర్పడిన ఓస్మోతెక్ అనే పరిమళాల భాండాగారం ఉంది. అక్కడ ఫుజేర్ రాయల్ వంటి పరిమళాలను తొలి సూత్రాల ప్రకారం తిరిగి కూర్చి, ఆక్సిజన్ తగలకుండా ఆర్గాన్ వాయువు కింద, 12 డిగ్రీల చల్లదనంలో, వెలుతురు సోకకుండా భద్రపరుస్తున్నారు.